రిపోర్టులో రాసిందీ, నోటితో చెప్పిందీ

నెల్లూరులో రేడియాలజీ చదువుకుంటున్న పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగడం అయ్యాక ఎవరో ఒకరు అడుగుతారు, "సార్, మీ సర్వీసులో మర్చిపోలేని కేసు ఏదైనా చెప్పండి" అని. వాళ్ళకు కావలసింది ఎవరి కంటికీ ఆనని కణితిని నేను పట్టుకున్న కథ. అలాంటివి నా దగ్గర నాలుగైదు ఉన్నాయి. బాగానే చెబుతాను కూడా, చెప్పీ చెప్పీ నున్నగా తయారయ్యాయి. నిజంగా మర్చిపోలేని కేసు మాత్రం ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. చెబితే పిల్లలు మళ్ళీ కాఫీకి రారేమోనని భయం. రాయడంలో ఉన్న సుఖం ఏమిటంటే ఎదురుగా ఎవరి మొహమూ ఉండదు. అందుకని రాస్తున్నాను.

నేను పనిచేసింది నెల్లూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. రిటైరవడానికి కొద్దికాలం ముందు మాకు కొత్త ఎమ్మారై మెషిన్ వచ్చింది. దానితోపాటు మెదడులోని తెల్ల పదార్థాన్ని రంగుల్లో గీసి చూపించే సాఫ్ట్‌వేర్ వచ్చింది. తెల్ల పదార్థం అంటే మెదడులో ఒక చోటును ఇంకో చోటుతో కలిపే తీగలు అనుకోండి. మామూలు స్కాన్‌లో అదంతా ఒక్క ముద్దగా కనిపిస్తుంది. ఈ సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ తీగల వెంట నీటి కదలిక ఏ దిక్కుకు ఉందో కనిపెట్టి, ఆ దారినే గీతలు గీసుకుంటూ పోతుంది. అడ్డంగా పోయేవి ఎర్రగా, నిలువుగా పోయేవి నీలంగా, ముందుకూ వెనక్కూ పోయేవి పచ్చగా వస్తాయి. చూడముచ్చటగా ఉంటుంది. నేను చెన్నై వెళ్ళి ట్రైనింగ్ అయి వచ్చాను. ఆ వయసులో ట్రైనింగ్‌కు వెళ్ళినందుకు అందరూ మెచ్చుకున్నారు, నన్ను నేనూ మెచ్చుకున్నాను.

పరీక్షకు ఒక ఆరోగ్యవంతుడి మెదడు కావలసి వచ్చింది. టెక్నీషియన్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని "మీరే పడుకోండి సార్" అన్నారు. పడుకున్నాను. బొమ్మ అద్భుతంగా వచ్చింది. దాన్ని ప్రింటు తీయించి నా గది గోడకు అంటించుకున్నాను. మా ఆవిడ ఒకసారి ఆసుపత్రికి వచ్చి దాన్ని చూసి, "ఇన్ని తీగలుండీ కూరగాయల సంచి బజార్లో ఎట్లా మర్చిపోయొస్తారు" అంది. అప్పుడు నవ్వుకున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. రోగుల బంధువులకు సులభమైన మాటల్లో వివరించి చెబుతానని నాకో పేరుండేది. మామూలుగా రేడియాలజిస్టు రోగి బంధువులతో మాట్లాడడు. రిపోర్టు రాస్తాడు, దాన్ని చూసే డాక్టరు మాట్లాడతాడు. నా పద్ధతి వేరు. నా గదికి పిలిచి, స్క్రీన్ మీద బొమ్మ చూపించి, పల్లెటూరి వాళ్ళకు కూడా అర్థమయ్యేలా చెప్పేవాణ్ణి. వాళ్ళు చేతులు జోడించి దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆ దండాలు నాకు బాగా అలవాటైపోయాయి.

ఆ మర్చిపోలేని కేసులోని మనిషి తడ దగ్గర, పులికాట్ సరస్సు ఒడ్డున ఉన్న ఒక పాలెం నుంచి వచ్చాడు. నలభై లోపు వయసు. చేపలూ రొయ్యలూ పట్టుకుని బతికే కుటుంబం. సరస్సులో వేట వాళ్ళకు వంతుల మీద నడుస్తుంది. రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే ఉంటాయి కాబట్టి పాలెంలో పెళ్ళయిన ప్రతి మగవాడికీ ఒక వంతు ఉంటుంది. వంతు వచ్చిన రోజు ఆ చోటు అతనిది. ఇంకొకరు అక్కడ వల వేయరు. వంతు ఉన్నవాడికే ఊరి కూటంలో నోరుంటుంది. వంతు లేనివాడు ఇంకొకరి పడవలో కూలికి పోవలసిందే. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. ముందు తెలిసి ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

వేట లేని రోజుల్లో ఆ మనిషి రొయ్యల గుంటల దగ్గర కాపలాకు పోయేవాడు. ఒక వాన రాత్రి కరెంటు పోయింది. గుంటల్లో గాలిచక్రాలు ఆగితే రొయ్యలు చచ్చిపోతాయి కదా, జనరేటరు వేశాడు. అది తడవకుండా షెడ్డు లోపలికి లాక్కుని, జల్లు కొడుతోందని తలుపు వేసుకుని పడుకున్నాడు. పొద్దున గుంటల వాళ్ళు వచ్చి తలుపు తీసేసరికి పొగకు స్పృహ తప్పి ఉన్నాడు.

మా ఆసుపత్రిలో చేర్చారు. ఆక్సిజన్ పెట్టారు. వారం తిరక్కుండా లేచి, మాట్లాడి, నడుచుకుంటూ ఇంటికి పోయాడు. అందరూ గండం గడిచిందనుకున్నారు. కొన్ని వారాలయ్యాక దారి మర్చిపోవడం మొదలైంది. ఊరికే నవ్వేవాడట. తర్వాత నవ్వు పోయింది, మాట పోయింది, ఒళ్ళు బిగుసుకుపోయింది. మళ్ళీ తీసుకొచ్చేసరికి కళ్ళు తెరుచుకుని ఉన్నాడు కానీ దేన్నీ చూడటం లేదు. పేరు పెట్టి పిలిచినా, గిల్లినా కదలిక లేదు.

జనరేటరు పొగలోని విషవాయువు పీల్చిన కొందరిలో ఇలా జరుగుతుంది. ముందు కోలుకున్నట్టే కోలుకుని, ఆనక తెల్ల పదార్థం దెబ్బతింటుంది. వైద్యం చేస్తున్న న్యూరాలజిస్టు నాకంటే చాలా చిన్నది, మా అమ్మాయి ఈడు. ఆమె నా గదికి వచ్చి, "సార్, తెల్ల పదార్థం ఎట్లా ఉందో కొత్త పద్ధతిలో కూడా చూడండి. వాళ్ళింట్లో వాళ్ళకు మాత్రం ఏమీ చెప్పకండి, నేను మాట్లాడతాను. ఇలాంటివాళ్ళలో కొందరు నెలల తర్వాత తిరిగొస్తారు" అంది.

"ఎంతమందిని చూశావమ్మా తిరిగొచ్చినవాళ్ళను?" అన్నాను.

"ఇద్దర్ని చూశాను సార్."

నేను ఒక్కణ్ణి కూడా చూడలేదు. చూసే వీలు లేదు మరి. బాగైనవాడు మళ్ళీ స్కానింగ్‌కు ఎందుకు వస్తాడు? నా గదికి వచ్చేవాళ్ళంతా బాగుకానివాళ్ళే. సర్వీసంతా అలాంటివాళ్ళనే చూసి, లోకమంతా అంతేనని నమ్మాను. ఆ రోజు ఈ సంగతి నాకు తట్టలేదు. ఇద్దర్ని చూసిందట అని నవ్వుకున్నాను.

స్కాన్ నిజంగానే ఘోరంగా ఉంది. రెండు వైపులా తెల్ల పదార్థమంతా సున్నం కొట్టినట్టు వెలిగిపోతోంది. రంగుల బొమ్మలో అయితే గీతలు మొదలైన చోటే ఆగిపోయాయి. అక్కడక్కడ నాలుగు పోగులు, మిగిలిందంతా ఖాళీ. నా బొమ్మ పక్కన పెట్టి చూస్తే తేడా చిన్న పిల్లవాడికి కూడా తెలిసిపోతుంది. పక్కన పెట్టాలన్న ఆలోచన నాకు అక్కడే వచ్చింది.

రిపోర్టు మాత్రం జాగ్రత్తగా రాశాను. "తెల్ల పదార్థం విస్తారంగా దెబ్బతిన్నది, కోలుకునే అవకాశం తక్కువగా ఉండవచ్చు, రోగి పరిస్థితితో సరిపోల్చి చూసుకోవలెను." కాఫీకి వచ్చే పిల్లలూ, ఈ వాక్యం మీకూ వచ్చే ఉంటుంది. అది నేర్పించకుండా మనల్ని ఎవరూ బయటకు వదలరు. కాగితం మీద పెన్ను పెట్టగానే మనకు ఎక్కడలేని వినయం వస్తుంది. రేపు ఎవరైనా చదువుతారని తెలుసు కదా.

రిపోర్టు పంపేసి, అతని భార్యనూ తమ్ముణ్ణీ నా గదికి పిలిపించాను. చెప్పొద్దన్న న్యూరాలజిస్టు ఆ వేళ ఓపీలో ఉంది.

భార్య సన్నగా, పొడుగ్గా ఉంది. కొంగు భుజం చుట్టూ బిగించుకుని తలుపు దగ్గరే నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు. తమ్ముడు కూర్చున్నాడు. స్క్రీన్ మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాను.

"ఇది నా మెదడు. ఇది మీ ఆయనది" అన్నాను.

ఆమె రెండింటినీ చాలాసేపు చూసింది.

"ఈ గీతలన్నీ తీగలమ్మా. ఇవుంటేనే మనిషికి తెలివి. మీ ఆయనకు ఇవన్నీ పోయాయి."

"కళ్ళు తెరుచుకోనే ఉండాడు గదా సార్."

"కళ్ళు తెరుచుకోవడం వేరు, చూడటం వేరు."

"నేను మొగం కడగతావుంటే పక్కకు తిప్పుకుంటాడు సార్. చల్లనీళ్ళు పోస్తేనే తిప్పుతాడు. ఏన్నీళ్ళయితే తిప్పడు."

ఇక్కడ ఆగండి. మీరు చదువుకునే పుస్తకాల్లో ఇలాంటి మాట కోసమే పేజీలకు పేజీలు రాశారు. చల్లదనానికీ వేడికీ తేడాగా స్పందిస్తున్నాడంటే అది పరీక్షించి చూడవలసిన సంగతి. నేను కుర్చీలోంచి లేచి వార్డు దాకా నడిస్తే సరిపోయేది. "అదంతా ఒంటి అలవాటమ్మా, దానికీ తెలివికీ సంబంధం లేదు, మనిషి రాడు" అన్నాను.

"ఇంకొన్నాళ్ళు చూస్తే, సార్?"

"ఎన్నాళ్ళు చూసినా ఇంతే. ఇంక తిరిగి రాడు. నా మాట విని మీ బతుకు మీరు చూసుకోండి."

"కొంచెం గూడా రాడా సార్? లేచి కూర్చోనేంత గూడా?"

"రాడమ్మా. మనుషులు అబద్ధం చెబుతారేమో కానీ బొమ్మ చెప్పదు."

మూడు రకాలుగా అడిగింది. మూడుసార్లూ రాడనే చెప్పాను. తమ్ముడు "మా ఊళ్ళో చూపించాలి సార్" అంటే రెండు బొమ్మలూ ఒకే కాగితం మీద ప్రింటు తీయించి ఇచ్చాను. వెళ్ళేముందు ఆమె నాకు దండం పెట్టింది. పెద్ద మేలు చేశాననే అనుకున్నాను. లేని ఆశ పెట్టి తిప్పించుకోవడం కంటే ఇదే నయమని నాకు నేను చెప్పుకున్నాను కూడా.

సాయంత్రం క్యాంటీన్‌లో న్యూరాలజిస్టు నా ఎదురుగా వచ్చి కూర్చుంది. టీ చెప్పలేదు.

"మీరు వాళ్ళకు చెప్పారంట కదా సార్."

"ఎప్పటికైనా చెప్పాలి కదా."

"మీ పని రిపోర్టు రాయడం సార్. తీర్పు చెప్పడం కాదు. ఇంటికి తీసుకుపోతామంటున్నారు."

"నువ్వు స్కూలుకు పోయే రోజుల నుంచీ బొమ్మలు చూస్తున్నానమ్మా" అన్నాను. చుట్టుపక్కల బల్లల వాళ్ళకు వినపడేలా అన్నాను. ఆమె లేచి వెళ్ళిపోయింది.

అతన్ని ఇంటికి తీసుకుపోయారు. ముక్కులో గొట్టంతో ఎలా పోషించాలో న్యూరాలజిస్టు భార్యకు దగ్గరుండి నేర్పించి పంపింది. ప్రతి నెలా ఫోన్ చేసి కనుక్కునేదట. ఆ సంగతి అప్పట్లో నాకు చెప్పలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం ఆమె నాకు ఫోన్ చేసి, "సార్, ఒక్కసారి ఓపీకి వస్తారా" అంది. వెళ్ళాను. బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు, బాగా చిక్కిపోయాడు. న్యూరాలజిస్టు లేవమంటే లేచాడు. నడవమంటే గోడ పట్టుకోకుండా తలుపు దాకా నడిచి, తిరిగి వచ్చాడు. మాట నెమ్మదిగా, ఒక్కొక్కటే వస్తోంది. భార్య రెండడుగుల వెనక నిలబడి ఉంది. నేను ఎవరో అతనికి తెలియదు. ఆమెకు తెలుసు.

"నమస్తే సార్" అందామె.

ఆ నమస్తేలో కోపం ఉంటుందేమోనని వెతికాను. ఏమీ లేదు. నాకు అక్కడ నిలబడటానికి మొహం చెల్లలేదు. ఏదో పని ఉన్నట్టు నా గదికి వచ్చేశాను.

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్ళాక అతని పాత స్కాన్ తెరిచాను. ఈ సాఫ్ట్‌వేర్‌లో ఒక అంకె ఉంటుంది. నీటి కదలిక ఎంత గట్టిగా ఒకే దిక్కుకు ఉంటే గీత గీయాలో ఆ అంకె చెబుతుంది. అంతకంటే తక్కువైతే సాఫ్ట్‌వేర్ అక్కడితో ఆగిపోతుంది. దారి లేదని కాదు, తనకు తెలియలేదని ఆగుతుంది. తీగ పైపూత చెడి, చుట్టూ నీరు చేరినప్పుడు ఇలాగే అవుతుంది. ట్రైనింగ్‌లో మొదటి రోజు చెప్పే పాఠం ఇది. నేను నా మెదడుకు పెట్టుకున్న అంకెనే అతనికీ పెట్టాను. ఇప్పుడు కాస్త తగ్గించాను. గీతలు వచ్చాయి. ఇంకాస్త తగ్గించాను. ఎర్రవీ, నీలంవీ, పచ్చవీ, ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చాయి. పలచగా ఉన్నాయి, వంకరగా ఉన్నాయి, కొన్ని సాఫ్ట్‌వేర్ ఊహించుకున్న తప్పుడు గీతలు కూడా అయి ఉంటాయి. కానీ ఖాళీ మాత్రం కాదు.

ఇక్కడితో ఆగితే ఇది పొరపాటు కథ. పొరపాటుకు ఎవరూ ఇంత సిగ్గుపడనక్కర్లేదు. అసలు సంగతి ఇంకా ఉంది.

రెండ్రోజుల తర్వాత న్యూరాలజిస్టు నా గదికి వచ్చి వంతు సంగతి చెప్పింది. ఆసుపత్రి నుంచి తీసుకుపోయాక పాలెంలో కూటం పెట్టారట. మంచం మీద ఉన్నవాడి వంతు ఖాళీగా ఉండకూడదు. పెద్దకాపు, అంటే పాలెం పెద్ద, ఆ మనిషి భార్యను అడిగాడు. మీ ఆయన తిరిగి లేస్తాడంటే వంతు అట్లాగే ఉంచుతాం, లేవడంటే తమ్ముడి పేరుకు మారుస్తాం, నీ నోటితో చెప్పమన్నాడు. తమ్ముడు నేనిచ్చిన ప్రింటు అందరికీ చూపించాడు. ఇది డాక్టరుగారి తలకాయ, ఇది మా అన్నది అని చేతులు మారుతూ తిరిగిందట నా బొమ్మ. ఆమె లేవడని చెప్పి వంతు ఇచ్చేసింది. ఊరి ముందు నోటితో ఇచ్చింది ఇచ్చినట్టే.

"ఇప్పుడతను లేచాడు కదా సార్. వంతు పోయిందని తెలిసినప్పట్నుంచి భార్యతో మాట్లాడటం లేదు. తాను ప్రాణంతో ఉండగానే ఇచ్చేసిందని అతని బాధ. ఆమెను అడిగితే లేవడని డాక్టరే చెప్పాడంటుంది. ఊళ్ళో నమ్మడం లేదు. తప్పుడు మాట విని ఇచ్చినట్టు తేలితే వంతు వెనక్కి ఇస్తామంటున్నాడట పెద్దకాపు. మీరొచ్చి ఒక్క మాట చెప్పండి సార్. నేనూ వస్తాను."

"తప్పకుండా" అన్నాను. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో నా మీద నాకు కాస్త గౌరవం కూడా కలిగింది. తప్పు ఒప్పుకోవడానికి తడ దాకా పోయే డాక్టరు ఎంతమంది ఉంటారు అనుకున్నాను. న్యూరాలజిస్టుకు ఆ రోజు ఎమర్జెన్సీ పడి రాలేకపోయింది. నేనొక్కణ్ణే కారులో బయలుదేరాను. ఆసుపత్రి మేనేజరు కారు దాకా వచ్చి, "ఏం మాట్లాడినా కాస్త చూసుకుని మాట్లాడండి సార్, ఈ రోజుల్లో అందరి చేతుల్లో ఫోన్లే" అన్నాడు. తప్పంతా అతని మీదికి తోసేయాలని చాలాసార్లు అనిపించింది కానీ అతను అన్నది అంతే.

కూటం తుఫాను షెల్టరు కింద. స్తంభాల మధ్య ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. నాకు ముందు వరసలో వేసి, కొబ్బరి బోండం కొట్టించి ఇచ్చారు. అతను ఒక పక్క కూర్చున్నాడు, తమ్ముడు తల దించుకుని ఇంకో పక్క కూర్చున్నాడు. ఆడవాళ్ళు స్తంభాల వెనక నిలబడ్డారు. ఆమె అందరికంటే ముందు ఉంది. మేనేజరు చెప్పినట్టే ఇద్దరు ముగ్గురు ఫోన్లు పైకెత్తి పట్టుకున్నారు.

పెద్దకాపు డెబ్బై దాటిన మనిషి. గొంతు పెంచకుండా మాట్లాడాడు.

"అయ్యా, మీరింత దూరం వచ్చినందుకు సంతోషం. మా పద్ధతి మీకు చెప్తాను. ఈ పిల్ల ఊరి ముందర తన నోటితో మొగుడి వంతు మరిదికి ఇచ్చింది. తనంతట తాను ఇచ్చుంటే అది వెనక్కి రాదు, ఎవురడిగినా రాదు. మీ మాట మింద ఇచ్చుంటే, ఆ మాట తప్పయితే, వంతు వాడిదే. అందుకని ఒక్కటే అడగతాను. వాడింక లేవడని మీరు చెప్పినారా, లేదా ఈ పిల్లే అట్టా అనుకునిందా?"

ఇంతకంటే సూటిగా ఎవరైనా అడగగలరా? చెప్పినాను అంటే అయిపోయేది.

నోరు తెరిచాను. ఎదురుగా ఫోన్లు, బోండం ఇచ్చిన పిల్ల, నేను డాక్టరునని లేచి నిలబడిన ముసలివాళ్ళు. నా పేరు ఎరిగినవాళ్ళు కూడా ఆ గుంపులో ఉన్నారు, నా దగ్గరికి తమ మనుషుల్ని తీసుకొచ్చినవాళ్ళు. ఆ రోజు మూడుసార్లు రాడన్న నోట్లోంచి ఇప్పుడు వేరే గొంతు వచ్చింది.

"చూడండి, వైద్యంలో ఎవరూ ఖచ్చితంగా చెప్పరు. కోలుకునే అవకాశం తక్కువగా ఉండవచ్చు అని చెప్పాను. రిపోర్టులో కూడా అదే రాశాను. కావాలంటే చూసుకోవచ్చు."

ఇందులో అబద్ధం ఎక్కడుందో మీరు వెతకండి. రిపోర్టులో అదే రాశాను. అందుకే అంత సులువుగా వచ్చేసింది.

"అంటే లేవడని చెప్పలేదు మీరు" అన్నాడు పెద్దకాపు.

"అవకాశం తక్కువ అన్నాను" అన్నాను మళ్ళీ.

పెద్దకాపు స్తంభాల వైపు తిరిగాడు. "ఏం తల్లీ, డాక్టరుగారు తక్కువన్నారంట. లేదని చెప్పలేదంట. నువ్వేమో లేవడని చెప్పినారంటివి."

ఆమె నా వైపు చూసింది. నా గదిలో రెండు బొమ్మల్ని చూసినట్టే తొందర లేకుండా చూసింది. ఇప్పుడు చెబుతుంది, నువ్వు మూడుసార్లు చెప్పలేదా అని అడుగుతుంది అనుకున్నాను. అడిగితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె చెబితే నేను కాదనలేను, నా చేత ఒప్పించినట్టు అవుతుంది, నా అంతట నేను ఒప్పుకునే పని తప్పుతుంది. అంత లెక్క వేసుకున్నాను కుర్చీలో కూర్చుని.

"అవును మామా" అందామె. "నాకే సరిగా అర్థం కాలా. ఆ సారు తక్కువనే అన్నారు. చదువు లేనిదాన్ని, నేనే లేదనుకున్నా."

ఆడవాళ్ళలో ఎవరో గట్టిగా ఊపిరి విడిచారు. అతను భార్య వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ, ఒక్కొక్క మాటా కూడదీసుకుని, "నేను... ఉండంగానే... ఇచ్చేసినాది" అన్నాడు. తమ్ముడు "అన్నా" అని ఏదో అనబోయాడు. పెద్దకాపు చెయ్యెత్తి ఆపాడు. వంతు తమ్ముడిదేనని, అన్నను పడవలో తోడు తీసుకుపోవాలని, వచ్చిన దాంట్లో భాగం ఇవ్వాలని తీర్పు చెప్పాడు. ఆయన వైపు నుంచి చూస్తే న్యాయంగానే చెప్పాడు.

ఆ తర్వాత సంగతి కూడా చెప్పేస్తాను. ఆ మనిషి ఇప్పటికీ తమ్ముడి పడవలోనే పోతున్నాడు. గడ వేస్తాడట, వల లాగుతాడట. కూటంలో మాత్రం వెనక నిలబడతాడు. భార్యతో అవసరానికి రెండు మాటలు మాట్లాడతాడని న్యూరాలజిస్టు చెప్పింది. కూటంలో ఏం జరిగిందో ఆమెకు తెలిసింది. నన్ను ఏమీ అడగలేదు. నా రిటైర్మెంటు సభలో నా గురించి నాలుగు మంచి మాటలు కూడా చెప్పింది. రోగులకు వివరంగా చెప్పే పెద్దలని మాత్రం అనలేదు. మిగతావాళ్ళందరూ అదే అన్నారు.

ఆ రోజు కూటం ముగిశాక నన్ను కారు దాకా సాగనంపడానికి అతని భార్య వచ్చింది. ఇంకెవరూ రాలేదు. షెల్టరు కింద ఇంకా జనం ఉన్నారు, కుర్చీలు ఇంకా తీయలేదు. ఇద్దరం ఉప్పు నేల మీద నడుస్తున్నాం. నేనే అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అట్లా ఎందుకు చెప్పావమ్మా? నేను రాడనే చెప్పాను కదా నీకు."

"చెప్పినారు సార్" అంది. "మూడుతూర్లు చెప్పినారు."

"మరి?"

"అంతమంది ముందర మీ మాట పోకూడదు సార్. రేపు మా పాలెంలో ఇంకొకరికి తలకాయ దెబ్బ తగిలితే మీ కాడికే గదా తీసకరావాల. మిమ్మల్ని నమ్మకుండా పోతే ఆ మనిషి పోతాడు. నా మాటంటారా, పోయినా మా ఇంట్లోనే పోద్ది."

నేను వెనక్కి తిరిగి చూశాను. పెద్దకాపు ఇంకా కుర్చీలోనే కూర్చుని ఎవరితోనో మాట్లాడుతున్నాడు. గట్టిగా పిలిస్తే వినపడేంత దూరంలో ఉన్నాడు.

"జాగ్రత్తమ్మా" అన్నాను. కారెక్కాను. డోరు సరిగా పడలేదని ఆమే మళ్ళీ తెరిచి, గట్టిగా వేసింది.